తూకం పెరగని బిడ్డ

గంపవలసలో గవరయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊరు అనలేదు లెండి, వాళ్ళే అనుకున్నారు. ఊరు వేరే మాట అనేది. అది చెవిన పడినా, "పాపం, ఎవర్ని అంటున్నారో" అని జాలిపడి ఊరుకునేవారు.

ఆ తెలివి ఎలాంటిదంటారా? గవరయ్య దగ్గర ఒక గొడుగుంది. వానకి తడిస్తే పాడైపోతుందని, చినుకు పడగానే దాన్ని మడిచి చొక్కాలో దాచుకుని, తను ముద్దగా తడిసి ఇంటికొచ్చేవాడు. "కొని ఆరేళ్ళయింది, ఇప్పటిదాకా చుక్క తడి తగల్లేదు" అని నలుగురికీ చూపించేవాడు. అతని తమ్ముడు బోడయ్య, తాళంచెవి ఎక్కడైనా పారేసుకుంటానేమోనని దాన్ని ఇంట్లోనే భద్రంగా పెట్టి బయట తాళం నొక్కేవాడు. కొడుకు సన్యాసి ఎద్దుని మేపడానికి తోలుకెళ్ళేటప్పుడు గంట తన మెడలో కట్టుకునేవాడు. ఎద్దు ఎక్కడుందో తనకి తెలుసు, తనెక్కడున్నాడో ఎద్దుకి తెలియాలి కదా మరి.

ఇక ఈ ముగ్గురి తెలివినీ ఒక తట్టలో వేస్తే, ఇంకో తట్టలో గవరయ్య పెళ్ళాం తవిటమ్మ ఒక్కతే సరిపోయేది. ఇంట్లో ఏ సందేహం వచ్చినా చివరికి ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ కాసేపు చెంగు నములుతూ ఆలోచించి ఒక మాట చెప్పేది. అంతే, ఇంటిల్లిపాదీ ఆ మాట మీద నిలబడిపోయేవారు.

ఒక వేసవిలో, ఊరు ఊరంతా జీడితోటల్లో పిక్కలేరుకుంటున్న రోజుల్లో, మండలం ఆసుపత్రి నుంచి సలోమి అనే నర్సమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పిల్లాపీచూ లేరు, చుట్టుపక్కల పల్లెలే ఆవిడ సంసారం.

"ఊరికి నలుగురు ఆరోగ్య వాలంటీర్లు కావాలి" అందావిడ బడి వరండాలో నిలబడి. "జబ్బుని ముందే కనిపెట్టాలి, చేతనైంది చెయ్యాలి, చేతకానిది ఆసుపత్రికి చెప్పాలి. అదెలాగో వారం వారం వచ్చి నేను నేర్పుతాను. ఒక్కటే షరతు, చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు కావాలి."

ఊరంతా ఒక్కసారిగా గవరయ్య ఇంటివైపు చూసింది.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఆ ఇంటిని మించినవాళ్ళు మా ఊళ్ళో లేరమ్మా" అన్నాడు సర్పంచి. అని, పిక్కలు ఎండిపోతున్నాయంటూ తోటకి పోయాడు. అతనన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు.

గవరయ్య, బోడయ్య, సన్యాసి ముగ్గురూ గర్వంగా పేర్లు రాయించుకున్నారు. తవిటమ్మ కూడా రాయించుకుంది గానీ, గర్వానికి కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట, సన్యాసి కన్నా ముందు, ఆవిడకి ఒక ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి దారిలో గెడ్డ వాగు పొంగి బండి ఇవతలే ఆగిపోతే, బండిలోనే పుట్టింది. ఏడవలేదు. ఏం చెయ్యాలో చుట్టూ ఉన్నవాళ్ళకి ఎవరికీ తెలియలేదు. పార్వతాలు అని పేరు అనుకుని ఉంచుకుంది గానీ, పిలవడానికి కూడా వ్యవధి లేకపోయింది. ఇప్పుడు కోడలు నూకాలుకి ఏడో నెల. గెడ్డ అక్కడే ఉంది, ఆసుపత్రి అదే ఎనిమిది మైళ్ళ దూరంలో ఉంది. ఆ దిగులు తవిటమ్మ ఎవరికీ చెప్పలేదు.

"నూకాలు పురుడు గట్టెక్కేదాకా ఈ సిస్టరమ్మ చెప్పిన మాట ఒక్కటి కూడా జారనివ్వకూడదు" అని ఇంట్లో అందరికీ చెప్పింది. అందరూ సరేనన్నారు.

మొదటి వారం పాఠం చేతులు కడుక్కోవడం.

"నేనెలా చేస్తే అలా చెయ్యండి, ఒక్కటీ వదలొద్దు" అంది సలోమి. ఉంగరం తీసి కొంగున ముడేసుకుంది. చేతులు తడిపింది, సబ్బు రాసింది, అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు రుద్దింది. ఇంతలో బుగ్గ మీద దోమ వాలింది. ఛట్టుమని కొట్టుకుంది. ఆ రోజు ఆవిడకి జలుబు కూడా చేసింది, రెండుసార్లు తుమ్మి "ప్రభువా" అంది. చేతులు కడిగేసి పక్కకి జరగబోతే సబ్బునీళ్ళలో కాలు జారింది, గభాలున స్తంభాన్ని వాటేసుకుంది. "అమ్మయ్య, అంతే. ఇంటింటికీ వెళ్ళి ఇదే నేర్పండి" అని చెప్పి, బస్సు టైమైపోతోందని పరుగెత్తింది.

ఇంకేముంది. నలుగురూ కూర్చుని లెక్కేశారు. ఉంగరం, నీళ్ళు, సబ్బు, అరచేయి, సందులు, గోళ్ళు, చెంపదెబ్బ, రెండు తుమ్ములు, ప్రభువు, జారుడు, స్తంభం.

"చేతులు కడగడంలో ఇంత పని ఉందని తెలీక ఇన్నాళ్ళూ ఊరికే కడిగేశాం వదినా" అని బోడయ్య బాధపడ్డాడు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగారు. చెంపదెబ్బ దాకా బాగానే నడిచింది. తుమ్ముల దగ్గర చిక్కొచ్చింది. తుమ్మమంటే అందరికీ వెంటనే తుమ్ము రాదు కదా. తవిటమ్మ చెంగు నమిలి ఆలోచించి, ప్రతి ముక్కు కిందా చిటికెడు కారం పెట్టమంది. తుమ్ములు చక్కగా వచ్చాయి, రెండడిగితే ఇరవై వచ్చాయి. జారని వాళ్ళని సన్యాసి వెనక నుంచి కాస్త నెట్టేవాడు. స్తంభం లేని ఇళ్ళలో బోడయ్యే స్తంభంలా నిలబడేవాడు. ఆ వారంలో ఊళ్ళోవాళ్ళంతా అతన్ని వాటేసుకున్నారు, పగవాళ్ళతో సహా.

తర్వాతి వారం సలోమి వచ్చి చూసేసరికి ఊళ్ళో ఏ చెంప చూసినా వాపు, ఏ కన్ను చూసినా ఎరుపు. అందరూ నడుం పట్టుకుని నడుస్తున్నారు. ఆవిడ కొత్తరకం అంటురోగం దిగిందనుకుని పుస్తకం తీసి రాసుకోవడం మొదలెట్టింది. సగం రాశాక, సన్యాసి బావి దగ్గర అన్నానికి ముందు చేతులు కడుక్కోవడం ఆవిడ కంట పడింది. మొదటి నుంచి చివరిదాకా చూసింది. పుస్తకం మూసేసింది.

"నాయనా, నేను చేసిందల్లా చెయ్యకండి" అంది తల పట్టుకుని. "నోటితో చెప్పింది మాత్రం చెయ్యండి. చెప్పనిది ఒక్కటీ చెయ్యొద్దు."

"ఈ ముక్క ముందే చెప్పుంటే ఇంత కారం ఖర్చయ్యేది కాదు కదమ్మా" అంది తవిటమ్మ. అయినా మంచిదే, ఇది ఇంకా సులువు అనుకుంది.

ఆ వారం పాఠం విరేచనాల గురించి. "నీళ్ళ విరేచనాలు అయితే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఈ ప్యాకెట్టు ఒకటి వేసి, బాగా కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి" అని చెప్పి పది ప్యాకెట్లు ఇచ్చి వెళ్ళింది. రెండు రోజులకి సర్పంచి పనసపండు ఒక్కడే కూర్చుని సగం తిన్నాడు. ఆ తర్వాత కూర్చోలేకపోయాడు. కబురు రాగానే వాలంటీర్లు నలుగురూ వెళ్ళారు. నీళ్ళు కాచారు, చల్లార్చారు, లీటరు కొలిచారు, ప్యాకెట్టుని అలాగే అందులో వేశారు.

"చించాలేమో అన్నా" అన్నాడు బోడయ్య సందేహంగా.

"సిస్టరమ్మ చించమన్నారేటి?" అన్నాడు గవరయ్య.

"అన్లేదు."

"చెప్పనిది చెయ్యొద్దని చెప్పారు కదా మరి."

అంతే. గరిటె పెట్టి తిప్పారు. ప్యాకెట్టు గుండ్రంగా తిరిగింది. సర్పంచి ఒక్కో గ్లాసూ తాగుతుంటే తవిటమ్మ పక్కన కూర్చుని, "ఎలాగుంది బాబూ?" అని అడిగింది. "నీళ్ళలాగే ఉంది" అన్నాడతను నీరసంగా. "మంచి మందంటే అలాగే ఉంటాది, నోటికి తెలీదు" అంది ఆవిడ. పొద్దువాలే వేళకి సర్పంచి గోడకి అతుక్కుపోయాడు. చివరికి అతని పెళ్ళాం ప్యాకెట్టు మీద బొమ్మలు చూసి, చించి, పొడి కలిపి పట్టింది కాబట్టి మనిషి లేచి కూర్చున్నాడు.

ఈసారి సలోమి కోప్పడలేదు. అంత ఓపిక కూడా లేదు పాపం. "తవిటమ్మా, ప్రతి మాటా నేను చెప్పలేను. కాస్త మీ సొంత తెలివి కూడా వాడండమ్మా" అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

సొంత తెలివి వాడమని ఆ ఇంటివాళ్ళని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు. నలుగురి ముఖాలూ వెలిగిపోయాయి. ఆ వారం పాఠం దోమల గురించి. నీళ్ళు ఎక్కడ నిలవున్నా దోమ గుడ్లు పెడుతుంది, నిలవనీళ్ళు కనిపిస్తే పారబొయ్యండి అని చెప్పింది సలోమి. మొదటి రోజు కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, పగిలిన కుండలు బోర్లించారు. అంతదాకా బాగానే ఉంది. రెండో రోజు తవిటమ్మ చెంగు నమిలింది.

"చిప్పలో ఉండేవి ఎన్ని నీళ్ళని? గుక్కెడు. ఊళ్ళో అన్నిటికన్నా ఎక్కువ నీళ్ళు నిలవున్నది ఎక్కడ? అది వదిలేసి చిప్పల వెనక పడితే ఏటి లాభం?"

నలుగురూ తలెత్తి చూశారు. నీళ్ళ ట్యాంకు ఆకాశంలో నిలబడి ఉంది. ఇంకేముంది, సన్యాసి మర తిప్పేశాడు. ఊరికి నాలుగు రోజులకి సరిపడా మంచినీళ్ళు గంటలో వీధుల వెంట పారి, పల్లమున్న చోటల్లా మడుగులు కట్టాయి. మడుగులు చూసి, "చూశారేటి, ఎన్ని నీళ్ళు దాగున్నాయో" అన్నాడు గవరయ్య. ఆ తర్వాత బావి మీద పడ్డారు. నూట పాతిక చేదలు తోడి పారబోసి, అడుగు బురద తేల్చాక ఊరు తోటల నుంచి తిరిగొచ్చింది. అదృష్టం బాగుండి నలుగురూ ఇంట్లో దూరి గడియ వేసుకున్నారు.

మూడు రోజులు ఊళ్ళో నీటిచుక్క లేదు. మడుగుల నిండా దోమలు. ఊరు ఊరంతా ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు పరాంకుశం గారి ముందు నిలబడింది. ఆయన సలోమిని పిలిచి చెప్పేశాడు. గంపవలస నుంచి ఇంకొక్క గొడవ వచ్చిందంటే ఆ వాలంటీర్లని తీసేసి, శిక్షణని వేరే ఊరికి మార్చేస్తానన్నాడు. ఇక వారం వారం నర్సు ఆ ఊరికి వెళ్ళే పనీ ఉండదన్నాడు.

ఆ మాట సలోమి వచ్చి చెబితే మగవాళ్ళు ముగ్గురూ తల దించుకున్నారు. తవిటమ్మ ఏడ్చేసింది.

"సిస్టరమ్మా, మమ్మల్ని తీసేస్తే తీసెయ్యండి. మీరు రావడం మానొద్దు. నా కోడలికి ఎనిమిదో నెల వచ్చింది. నా మొదటి పిల్లని మా తెలీనితనమే తినేసింది. నాకు భయంగా ఉందమ్మా" అంది. ఇంట్లోవాళ్ళ ఎదుట ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.

సలోమి నూకాలుని కూర్చోబెట్టి పరీక్ష చేసింది, రక్తం చూసింది, కార్డు మీద పురుడు తారీకు వచ్చే నెల ఇరవై అని రాసింది. తర్వాత ఆలోచించుకుంది. వీళ్ళకి మనుషుల్ని అప్పగిస్తేనే కదా ప్రమాదం, ఎవరికీ ఏ హానీ చెయ్యలేని పని ఒకటి ఇస్తే సరి. మర్నాడు తాటాకు బుట్టలో ఒక రబ్బరు బొమ్మని పట్టుకొచ్చింది. అచ్చం అప్పుడే పుట్టిన బిడ్డంత ఉంది, అంతే బరువు. శిక్షణలో చూపించడానికి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బొమ్మ.

"దీన్ని బొమ్మ అనుకోకండి. బిడ్డే అనుకోండి" అంది. "వెచ్చగా గుండెకి ఆనించి పెట్టుకోవాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. సోమవారం సోమవారం తూకం వేసి కార్డులో రాయాలి. పాలు తాగకపోయినా, ఏడవకపోయినా, ఒళ్ళు చల్లబడినా, కదలకపోయినా, తూకం పెరగకపోయినా ప్రమాదం. అలాంటి బిడ్డని ఎటూ కదిలించకుండా వెచ్చగా గుండెకి పెట్టుకుని, వెంటనే డాక్టరు గారికి ఫోన్ చెయ్యాలి. ఏదీ, చెప్పండి."

తవిటమ్మ వేళ్ళు మడుస్తూ అయిదూ చెప్పింది. ఒక్కటి కూడా తప్పలేదు. సలోమి మెచ్చుకుని, తూకం యంత్రం, కార్డు ఇచ్చి, పది రోజులకోసారి వచ్చి నూకాలుని చూస్తానని చెప్పి, వేరే ఊళ్ళ శిక్షణకి వెళ్ళింది.

బొమ్మ అనుకోవద్దన్నారు కదా, ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. కార్డు మీద పేరు రాసే చోటుంది. సన్యాసి అయిదో తరగతి దాకా చదివాడు, కలం పట్టుకుని తల్లివైపు చూశాడు. "పార్వతాలు అని రాయి" అంది తవిటమ్మ. రాశాడు. తల్లి పేరు అని ఇంకో చోటుంది. అక్కడ అందరూ కాసేపు ఆలోచించారు.

"తెచ్చిందెవరు? సిస్టరమ్మే కదా" అన్నాడు బోడయ్య.

అంతే, తల్లి సలోమి అని రాసేశారు. పెళ్ళీ పెటాకులూ లేని ఆడమనిషి కష్టం బయటికి చెప్పుకోలేక ఇలా తెచ్చి అప్పగించిందని తవిటమ్మ అర్థం చేసుకుంది. సలోమి మధ్యలో వచ్చి నూకాలుని చూసినప్పుడు కూడా ఆవిడ మనసు నొప్పించకూడదని ఆ ఊసే ఎత్తలేదు, పార్వతాలుని లోపలి గదిలోనే ఉంచింది.

వంతులేసుకుని పెంచారు. గవరయ్య పార్వతాలుని గుండెకి కట్టుకుని పొలం దున్నాడు. బోడయ్య జోలపాట పాడితే పక్కింటివాళ్ళు వచ్చి బతిమాలుకున్నారు. మొదటి సోమవారం తూకం రెండు కిలోల ఆరువందలు. రెండో సోమవారం రెండు కిలోల ఆరువందలు. మూడోది అదే. తవిటమ్మకి నిద్ర పట్టడం మానేసింది. తల్లిపాలు తప్ప పట్టొద్దన్నారు, తల్లి ఎక్కడో ఊళ్ళు తిరుగుతోంది. ఏడుస్తుందేమోనని చెవి ఆనించి వినేది. చప్పుడుండేది కాదు. ముప్ఫై ఏళ్ళ కిందటి బండి గుర్తొచ్చేది.

నాలుగో సోమవారం కూడా ముల్లు అక్కడే ఆగింది. తవిటమ్మ ఇక ఆగలేదు. సన్యాసి చేత ఫోన్ కలిపించింది.

"డాక్టరు బాబూ, నేను గంపవలస వాలంటీరు తవిటమ్మని" అంది. వేళ్ళు మడిచింది. "మా దగ్గర ఒక ఆడబిడ్డ ఉంది. ఒకటి, పాలు తాగడం లేదు. రెండు, ఏడవదు. మూడు, ఒళ్ళు చల్లగా ఉంది. నాలుగు, కదలిక లేదు. అయిదు, నాలుగు వారాల నుంచి తూకం పెరగలేదు. ఎటూ కదిలించకుండా గుండెకి పెట్టుకున్నాం."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచిపోయాడు. ఆయన ఉద్యోగంలో ఏ వాలంటీరూ ఇంత పద్ధతిగా చెప్పలేదు. "తల్లెవరమ్మా?" అని అడిగాడు.

"ఎవరికీ చెప్పకండి బాబూ, మన సలోమి సిస్టరమ్మే."

అవతల ఫోన్ టక్కున పెట్టేసిన చప్పుడు. అరగంటలో అంబులెన్సు గెడ్డ దాటి, దుమ్ము లేపుకుంటూ వచ్చి గవరయ్య వాకిట్లో ఆగింది. దారిలో ఏదో ఊళ్ళో ఉన్న సలోమిని కూడా ఎక్కించుకొచ్చారు. తనని ఎందుకు ఎక్కించారో, డాక్టరు గారు తనవైపు ఎందుకలా చూస్తున్నారో ఆవిడకి అర్థం కాలేదు.

"బిడ్డేది?" అన్నాడు పరాంకుశం గారు దూకుతూనే.

గవరయ్య చొక్కా గుండీలు విప్పి, జాగ్రత్తగా పార్వతాలుని తీసి ఆయన చేతుల్లో పెట్టాడు. డాక్టరు చూశాడు. తిప్పి చూశాడు. రబ్బరు. సలోమి గుమ్మంలోనే కూలబడిపోయింది. సన్యాసి కార్డు కూడా అందించాడు. తల్లి పేరు చదివేసరికి ఆయన ముఖం జేవురించింది.

"అయిపోయింది. మీ శిక్షణా లేదు, మీ వాలంటీర్లూ లేరు" అన్నాడు. "ఇవాళ్టితో ఈ ఊరి పేరే కొట్టేస్తున్నాను."

"ముందు బిడ్డ సంగతి చూడండి బాబూ, తర్వాత కొట్టేద్దురు గాని" అంది తవిటమ్మ ఏడుస్తూ.

ఆయన గొంతు పెంచబోతుండగా లోపలి నుంచి ఒక మూలుగు వినబడింది. సలోమి లేచి లోపలికి వెళ్ళింది. నూకాలు గోడకి ఆనుకుని, పళ్ళు బిగించి, తన పురుడు కార్డుని గుప్పిట్లో నలిపేస్తూ కూర్చుంది.

"ఎప్పటినుంచే నొప్పులు?" అంది సలోమి.

"తెల్లారుజామునుంచమ్మా."

"మరి చెప్పలేదేం?"

"ఇరవయ్యో తారీకని మీరే రాశారు కదమ్మా. ఇవాళ పద్నాలుగే. ఇంకా ఆరు రోజులు ఆపాలి కదా, ఆపుతున్నాను" అంది నూకాలు. అంటూనే కేక పెట్టింది.

సలోమి డాక్టరుని పిలిచింది. పరాంకుశం గారు కోపం అక్కడే వదిలేసి, నీళ్ళూ సబ్బూ అడిగి గబగబా చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు. అరచేయి, సందులు, గోళ్ళు. పక్కనే నిలబడి చూస్తున్న గవరయ్యకి అనుమానం వచ్చింది. కోడలి పురుడు కదా, ఏదీ తక్కువ కాకూడదు. ఇంత చదువుకున్నాయన కంగారులో ముఖ్యమైనదే మర్చిపోయాడు. అంతే, డాక్టరు గారి చెంప ఛెళ్ళుమంది.

ఆయన నోరెళ్ళబెట్టాడు. బోడయ్య అప్పటికే కారం డబ్బా తెచ్చి నిలబడ్డాడు. తిట్టడానికి టైము లేదు కాబట్టి బతికిపోయారు. పరీక్ష చేసి ఆయన రెండే మాటలన్నాడు. బిడ్డ అడ్డం తిరిగుంది, ఇప్పుడే ఆసుపత్రిలో ఉండాలి. అంబులెన్సు వాకిట్లో తలుపు తెరుచుకుని సిద్ధంగా ఉంది. నూకాలుని ఎక్కించారు. తవిటమ్మ పక్కన కూర్చుని కోడలి చెయ్యి పట్టుకుంది. గెడ్డ దాటేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. అవతలి గట్టు ఎక్కి రోడ్డు మెత్తగా తగిలాకే తెరిచింది.

మధ్యాహ్నానికి మగపిల్లాడు. పుట్టగానే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ తవిటమ్మ వరండాలో గచ్చు మీద కూర్చుండిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చప్పుడు కోసమే చెవులు పెట్టుకుని ఉన్నట్టు, లోపలికి రమ్మని పిలిచినా లేవకుండా విన్నది.

పరాంకుశం గారు చెంప తడుముకుంటూ బయటికొచ్చాడు. "ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదు. ఇంటి నుంచి కబురొచ్చి మేం బయల్దేరుంటే ఆ గంట గడిచిపోయేది" అన్నాడు సలోమితో. "నన్ను ఆ ఇంటికి ముందే పిలిపించింది ఆ రబ్బరు బొమ్మ. ఏం మనుషులో నాకు అర్థం కాలేదు గానీ, ప్రమాద లక్షణాలు అయిదూ ఒక్కటి కూడా తప్పకుండా చెప్పిందావిడ. వాలంటీర్లని ఉండనివ్వండి. చేతులు కడగడం మాత్రం నేర్పించకండి."

ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

నెల తిరిగింది. పిల్లాడు గుండ్రాయిలా ఉన్నాడు, వారం వారం ముల్లు పైకి పోతోంది. ఒకరోజు సలోమి ఆటోలో వచ్చింది. పిల్లాణ్ణి తూకం వేసింది, కార్డులో రాసింది, ముద్దు పెట్టుకుంది. "తవిటమ్మా, రేపటి నుంచి వెదుళ్ళవలసలో రెండు రోజుల శిక్షణ. నా బొమ్మ పార్వతాలుని బుట్టలో పెట్టి తెచ్చి ఇవ్వమ్మా" అని చెప్పి, ఆటోవాడు తొందర పెడుతుంటే బయటికెళ్ళి కూర్చుంది.

తవిటమ్మ లోపల అందరినీ పోగేసింది.

"పార్వతాలుకి ఎనిమిది వారాలైంది, ముల్లు ఇంకా అక్కడే. తూకం పెరగని బిడ్డని కదిలించొద్దని చెప్పింది ఎవరు?"

"సిస్టరమ్మే" అన్నారు ముగ్గురూ.

"పాపం తొందరలో ఆవిడే మర్చిపోయింది. కన్నతల్లే మర్చిపోతే మనం కూడా మర్చిపోతామేటి? ఈ పిల్లని అంత దూరం ఆటోలో కుదిపితే ఏమవుతాది?" ఆవిడ చెంగు నమిలింది. "ఆ ఊళ్ళో శిక్షణకి ఒక బిడ్డ కావాలి, అంతే కదా. తూకం బాగా పెరిగిన గట్టిబిడ్డైతే తిరగడానికి బెంగ లేదు."

అందరూ మంచంవైపు చూశారు. గట్టిబిడ్డ కడుపునిండా తాగి, కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు.

"రెండు రోజులే కదత్తా?" అంది నూకాలు.

"రెండు రోజులే. పైగా పెంచడం అందరికీ నేర్పేది ఆవిడే. ఆవిడ దగ్గర మనవాడికి ఏటి లోటు?"

"నిజమే. ఇంత చిన్నప్పుడే ఉద్యోగం" అన్నాడు సన్యాసి. తండ్రి కదా, కళ్ళు చెమర్చాయి.

అంతే. పిల్లాణ్ణి నేర్పినట్టే మెత్తటి గుడ్డలో చుట్టి, తాటాకు బుట్టలో పడుకోబెట్టి, గాలాడేలా పైన పల్చటి గుడ్డ కప్పారు. నూకాలు పార్వతాలుని తీసి గుండెకి ఆనించుకుంది. తవిటమ్మ బుట్ట తీసుకెళ్ళి సలోమి ఒళ్ళో పెట్టింది. ఆటో కదిలింది.

ఆవిడ లోపలికొచ్చి చూస్తే మంచం మీద తూకం కార్డు అలాగే ఉంది. అయ్యో అనుకుని, కార్డు పట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఊరి చివర మలుపు దగ్గర ఆటో ఆగిపోయి ఉంది. దానిలోంచి గంపవలస అంతా వినబడేలా ఏడుపు. సలోమి పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని దిగింది. ఆవిడ చీర ముందంతా తడిసిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరుగెత్తుకొస్తున్న తవిటమ్మని చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"వచ్చావా తల్లీ, తెలుసుకున్నావా" అంది, కళ్ళనీళ్ళు కారుస్తూ.

"తెలుసుకోబట్టే కదమ్మా పరుగెత్తుకొచ్చాను" అంది తవిటమ్మ రొప్పుతూ. కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇది మర్చిపోయి వెళ్ళిపోతున్నారు. సోమవారం తూకం వెయ్యడం మానకండి."